ఎడమచేతి కుట్టు

ఏడో అంతస్తు, కిటికీ పక్క బల్ల
ఫిబ్రవరి 11

పిన్నికి,

నమస్కారాలు. ఫోన్ చేస్తే నీ చుట్టూ చేరిన వాళ్ళందరూ ఒకేసారి మాట్లాడతారు, నాకు ఒక్క ముక్క అర్థం కాదు. అందుకే ఎప్పటిలా ఉత్తరం.

మన కాగితం చదివేశాను. మూడు నిమిషాలిచ్చారు, పది సెకన్లు మిగిల్చాను. ఆ హాలు ఎలా ఉంటుందో నీకు చెప్పాలి. పెద్ద గుండ్రటి బల్ల, ఒక్కో దేశానికి ఒక కుర్చీ, కుర్చీ ముందు నీళ్ళ సీసా, చెవికి తగిలించుకునే యంత్రం. అద్దాల గదుల్లో కూర్చుని అనువాదకులు మాట్లాడేవాళ్ళ మాటలు ఐదారు భాషల్లోకి మారుస్తూ ఉంటారు. మాలాంటి మహిళా సంఘాల వాళ్ళకి చోటు వెనక వరసలో. మాకు మైకు వచ్చే వేళకి సగం మంది కాఫీకి వెళ్ళిపోతారు, మిగిలిన సగం ఫోన్లలో తల దూర్చి ఉంటారు.

నేను మొదలుపెట్టినప్పుడూ అంతే. దేశాలకి అభివృద్ధి అప్పులిచ్చే బ్యాంకు తన నియమాలు తిరగరాస్తోందని, ఆ అప్పుతో నడిచే కంపెనీలు ఇళ్ళలో కూర్చుని కుట్టే ఆడవాళ్ళని కూడా కార్మికుల జాబితాలో చేర్చాలని, ఒక్క వాక్యం కోసం మూడు దేశాల సంఘాలు ఆరేళ్ళుగా తిరుగుతున్నాయని చెప్పాను. ఒక్కరూ తలెత్తలేదు. అప్పుడు మేడమీదావిడ నీకు చెప్పిన మాటలు చదివాను.

“నేను ఎడమచేత్తో కుడతాను. నా కుట్టు అందరి కుట్టుకీ ఎదురువైపు వాలుతుంది. ఏ దేశంలో, ఎవరి బూటు మీద ఉన్నా నా కుట్టు నేను గుర్తుపడతాను. నన్ను మాత్రం ఎవరూ గుర్తుపట్టరు, ఏ కంపెనీ జాబితాలోనూ నేను లేను కాబట్టి.”

పిన్నీ, తలలు లేచాయి. ఎదురుగా కూర్చున్న ఒక పెద్దమనిషి వంగి తన బూట్లు చూసుకున్నాడు. తర్వాత మా డైరెక్టరు వచ్చి నా చెయ్యి పట్టుకుని వదల్లేదు. ఆ మాటలు అచ్చేసి పంచాం. మన వాక్యం ముసాయిదాలో చేరింది. జూన్ సమావేశంలో ఇంకో వాక్యం కూడా చేరిస్తే, అక్టోబరులో ఖాయం చేస్తారు.

పేరు, ఊరు, వీధి ఏవీ లేవు. జాగ్రత్తగా తీసేశాం. మేడమీదావిడకి ఈ సంగతి నువ్వే చెప్పాలి. ఒక కాగితం పంపుతున్నాను.

నీ
చిలకమ్మ


మేడకింది గది
మార్చి 20

చిలకమ్మకి,

ఆశీస్సులు. నీ ఉత్తరం చేరి నెల దాటింది. జవాబు రాలేదని మొహం ముడుచుకుని కూర్చుని ఉంటావు, నాకు తెలుసు. చిన్నప్పుడూ అంతే, మీటింగుకి నిన్ను వెంట తీసుకెళ్ళకపోతే రెండు రోజులు నాతో మాట్లాడేదానివి కాదు. మీ అమ్మ తిట్టేది, పిల్లని చెడగొడుతున్నావే అని. మొత్తానికి చెడిపోయావు, సంతోషం.

నీ కాగితం వచ్చిన రోజే సంఘం వాళ్ళందరినీ పిలిచి చదివాను. ఈ గదిలో ముప్ఫైమంది పడతారు, అరవైమంది కూర్చున్నారు. మూడుసార్లు చదివించారు. జిగురు పూసే ఆవిడ, ఆ పెద్దమనిషి బూట్లు ఏ కంపెనీవో అడగలేకపోయిందా మీ అమ్మాయి అంది. మేడమీదావిడ తలుపు దగ్గర నిలబడి వింది. తర్వాత కాగితం అడిగి తీసుకుని, నాలుగు మడతలు పెట్టి అద్దం వెనక పెట్టుకుంది. తన మాట అంత దూరం వెళ్ళిందా అని అడిగింది. వెళ్ళిందన్నాను. 

మీ బాబాయి మోకాళ్ళు మామూలే. నాకు కళ్ళజోడు మారింది. ఇల్లు ఈ మధ్య మహా ప్రశాంతంగా ఉంది, మధ్యాహ్నాలు కునుకు కూడా పడుతోంది.

ఒక్క సంగతి. ఆ కాగితం అచ్చేసి పంచామన్నావు కదా, ఎవరెవరికి ఇచ్చారు? కంపెనీల వాళ్ళు కూడా వస్తారా అక్కడికి? ఊరికే అడుగుతున్నాను.

పిన్ని


ఏడో అంతస్తు
ఏప్రిల్ 6

పిన్నికి,

నమస్కారాలు. ఉత్తరం చూశాక ప్రాణం కుదుటపడింది. కానీ ఒకటి అర్థం కాలేదు. నీ ఇంటికి ప్రశాంతత ఎక్కడి నుంచి వచ్చింది? ఆరేళ్ళుగా ప్రతి ఉత్తరంలోనూ ఒకటే పాట నీది: తెల్లారకముందే నెత్తిమీద సుత్తి మోత, మేడమీదావిడ కుట్టినంత సేపూ కుట్టు అణగడానికి కొడుతూనే ఉంటుంది, నా బుర్రలో కూడా కుట్లు పడ్డాయి అని. ఆవిడ ఊరెళ్ళిందా? ఒంట్లో బాగుందా?

కాగితాల సంగతి అడిగావు. ప్రతినిధులకి ఇచ్చాం. వాకిట్లో బల్ల మీద కొన్ని పెట్టాం. వచ్చేపోయేవాళ్ళు తీసుకుంటారు, ఎవరు తీసుకున్నారో ఎలా తెలుస్తుంది? ఇలాంటి చోట ఇదంతా మామూలే. అయినా పేరు లేని కాగితం అది. పేరు లేనప్పుడు భయం దేనికి? ప్రతి కాగితాన్నీ మేం ఒకటికి రెండుసార్లు చూసే బయటికి పంపుతాం. ఈ విషయంలో మా ఆఫీసుని ఎవరూ వేలెత్తి చూపలేరు.

జూన్ సమావేశంలో నోరు విప్పిన కార్మికుల పని తీసేయకూడదనే వాక్యం చర్చకి వస్తుంది. దానికి ఇంకొకరి మాటలు కావాలి. మేడమీదావిడ మళ్ళీ చెబితే అంతకన్నా మంచిది లేదు. ఆవిడ మాటల్లో ఏదో ఉంది, హాలంతా వింటుంది. అడుగుతావా?

చిలకమ్మ


మేడకింది గది
ఏప్రిల్ 25

చిలకమ్మకి,

ఈ ఉత్తరం ఫిబ్రవరిలోనే రాయాల్సింది. మార్చిలో రాయబోయి ప్రశాంతంగా ఉందని రాశాను. అది అబద్ధం కాదు, అంతకన్నా పాపం.

నీ కాగితం ఇక్కడికి చేరిన పన్నెండో రోజున, ఇళ్ళకి బూట్ల పని పంచే కాంట్రాక్టరు అదే కాగితం పట్టుకుని వచ్చాడు. పైనున్న కంపెనీ వాళ్ళు పంపారట. తిట్టలేదు, అరవలేదు. గోదాములో బల్ల మీద ఆ వారం వచ్చిన బూట్ల పైతోళ్ళన్నీ పరిపించాడు. వెయ్యికి పైనే. కట్టలు సరిచూసే అతణ్ణి పిలిచి, వీటిలో ఎదురువైపు వాలిన కుట్లు ఏరమన్నాడు. పావుగంట పట్టలేదట. నలభై జతలు ఒక పక్కకి వచ్చాయి. అన్నీ ఒకే కట్టవి, ఒకే ఇంటివి.

మర్నాడు పొద్దున కట్టలు పంచే బండి మేడమీదావిడ ఇంటి ముందు ఆగకుండా వెళ్ళిపోయింది. ఆవిడ గుమ్మంలో నిలబడే ఉంది. ఆ రోజు నుంచీ సుత్తి మోత లేదు. ఇప్పుడు దవాఖానాలో మెట్లు కడగడానికి వెళుతోంది. రోజూ నా గుమ్మం ముందు నుంచే వెళుతుంది, పలకరిస్తుంది, నవ్వుతుంది. ఆ నవ్వు చూడలేక నేను ఆ వేళకి వంటింట్లోకి వెళ్ళిపోతున్నాను.

నీకెందుకు చెప్పలేదంటే, చెబితే నువ్వు జూన్ సమావేశం వదిలేస్తావేమోనని. ముందు ఆ వాక్యం ఒడ్డెక్కితే చాలనుకున్నాను. ముప్ఫై ఏళ్ళు సంఘం నడిపినదాన్ని, వాక్యం కోసం మనిషిని పక్కన పెట్టాను. ఆ మనిషి నా నెత్తిమీదే ఉంటుంది.

ఎడమచేతి సంగతి రాసి పంపింది నేనే. ఆవిడ చెప్పింది చెప్పినట్టు రాశాను, వడపోత నువ్వు చూసుకుంటావని. పేరు తీసేస్తే సరిపోదు, మనిషి జాడ తీసెయ్యాలి అని నీకు పదేళ్ళప్పుడే నేర్పాను కదా. వంద కాగితాలు చూసేదానివి, ఎక్కడో పొరపాటున వదిలేశావు. నేనైనా మళ్ళీ అడగాల్సింది. ఇద్దరం సమానమే. నువ్వు దీని మీద కుమిలిపోకు.

ఇప్పుడు ఆవిణ్ణి రెండోసారి చెప్పమని ఏ మొహంతో అడగను?

పిన్ని


ఏడో అంతస్తు
మే 8

పిన్నీ,

నీ ఉత్తరం బల్ల మీద పెట్టుకుని నాలుగు రోజులు ఆఫీసు పని చేశాను. అందరితో మాట్లాడాను, భోజనం కూడా చేశాను. అది ఎలా చేయగలిగానో తెలియదు.

పొరపాటు కాదు.

మా ఆఫీసు నుంచి బయటికి వెళ్ళే ప్రతి కాగితాన్నీ ముందు ఒకావిడ చూస్తుంది. చెప్పినవాళ్ళెవరో తెలిసిపోయే మాటలు ఏరెయ్యడమే ఆవిడ పని. ఎర్ర పెన్సిలావిడ అంటాం. మేడమీదావిడ మాటల్లో ఎడమచెయ్యి దగ్గర ఎర్రగీత గీసింది. నేను దాన్ని చెరిపేసి మళ్ళీ పంపాను. ఈసారి రెండు గీతలు గీసి, నా బల్ల దగ్గరికే వచ్చి, నిలబడి చెప్పింది. ఎడమచేత్తో కుట్టేవాళ్ళు ఎంతమంది ఉంటారు, ఆలోచించు అంది. సరే తీసేస్తానన్నాను. ఆవిడ ఆ రోజు తొందరగా ఇంటికి వెళ్ళింది. నేను అలాగే అచ్చుకి ఇచ్చేశాను.

ఎందుకంటే ఆ మాట తీసేస్తే మిగిలేది అందరూ చెప్పేదే. తక్కువ కూలి, నడుం నొప్పి, జిగురు వాసన. అవి విని విని ఆ హాలు చెవులు మొద్దుబారాయి. ఈ ఒక్క మాటకి తలలు లేస్తాయని నాకు తెలుసు. ఆ తలలు లేవడం నాకు కావాలి. వాక్యం కోసం అని అప్పుడు అనుకున్నాను. ఇప్పుడు నిజం చెబుతున్నాను, చదివేది నేను కాబట్టి కూడా.

వెనక వరసలో మా పక్కనే కంపెనీల తరఫు వాళ్ళు ముగ్గురు కూర్చున్నారు. కాగితం నా చేత్తోనే ఇచ్చాను, నవ్వుతూ.

ఇద్దరం సమానం అన్నావు. ఆ మాట చదివాక నిద్ర పట్టడం లేదు. నీ తప్పు మౌనం పిన్నీ, నాది వేరు. ఇది మేడమీదావిడకి చెప్పాలా, వద్దా? నాకు ధైర్యం లేదు. నువ్వు ఏమంటే అది.

చిలకమ్మ


మేడకింది గది
మే 24

నీకు,

చెప్పాలా వద్దా అని నన్నెందుకు అడిగావు? వద్దంటానని. నేను వద్దనలేదు. నీ ఉత్తరం తీసుకుని పైకి వెళ్ళి, గడప మీద కూర్చుని, మొదటి నుంచి చివరి దాకా చదివాను. ఒక్క మాట దాచలేదు. నా మార్చి ఉత్తరం సంగతి కూడా చెప్పాను.

నీ ఏప్రిల్ ఉత్తరం మళ్ళీ తీసి చూశాను. మా ఆఫీసుని ఎవరూ వేలెత్తి చూపలేరన్నావు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టే ఉంది. అప్పుడే కనిపెట్టాల్సింది, నా పెంపకం మీద నాకు అంత నమ్మకం.

ఆవిడ ఉతికిన బట్టలు మడతపెడుతూ వింది. ఆఖరి బట్ట మడతపెట్టి పక్కన పెట్టింది. తర్వాత, ఆ అమ్మాయి మళ్ళీ ఎప్పుడు చదువుతుంది అని అడిగింది. జూన్ అన్నాను.

“అయితే మొదటిది చదివినావిడే రెండోదీ చదవాలి. మొదటిది చదివాక నాకేమైందో చదవాలి. ఎవరి వల్ల అయిందో కూడా చదవాలి. అది లేకుండా నా మాట ఒక్కటి కూడా వాడుకోవద్దని చెప్పండి.”

అంతే అంది. నిన్ను తిట్టలేదు. తిట్టి ఉంటే నాకు బాగుండేది.

నువ్వు అలా చదివితే నీ ఉద్యోగం ఉంటుందో పోతుందో నాకు తెలియదు. దాని గురించి ఆలోచించే స్థితిలో లేను. ఆవిడ చెప్పింది ఇంకో కాగితం మీద రాసి పంపుతున్నాను. ఈసారి వడపోత నేనే చేశాను.

పిన్ని


ఏడో అంతస్తు
జులై 2

పిన్నికి,

నమస్కారాలు. చదివాను.

ఈసారి హాల్లో జనం ఎక్కువ. మూడు దేశాల సంఘాల వాళ్ళం ఒకే వరసలో కూర్చున్నాం. సరిహద్దు అవతలి సంఘం పెద్దావిడ నా పక్కనే ఉంది, నీకు నమస్కారాలు చెప్పమంది. ఫిబ్రవరిలో ఈ హాల్లో చదివిన మాటల వల్ల ఒక మనిషి పని పోయిందని మొదలుపెట్టాను. బండి గుమ్మం ముందు ఆగకుండా వెళ్ళిన సంగతి, దవాఖానా మెట్ల సంగతి, నువ్వు ఎలా రాశావో అలాగే చదివాను. ఎవరూ ఫోను చూడలేదు. కంపెనీల వాళ్ళలో ఒకతను లేచి బయటికి వెళ్ళాడు.

నోరు విప్పినవాళ్ళ పని తీసేయకూడదు, తీసేస్తే కంపెనీకి అప్పు ఆగిపోతుంది అనే వాక్యం ముసాయిదాలో చేరింది. అక్టోబరులో ఆఖరి సమావేశం.

మేడమీదావిడకి చెప్పు, ఆవిడ మాటల్లో ఒక్కటీ మార్చలేదని. కాగితం మొత్తం ఆవిడ చెప్పినట్టే ఉంది.

ఒంట్లో అంత బాగాలేదు, అందుకే పొట్టి ఉత్తరం.

చిలకమ్మ


మేడకింది గది
జులై 21

చిలకమ్మకి,

ఆశీస్సులు. ఈ ఉత్తరం రాస్తుంటే నెత్తిమీద సుత్తి మోత మోగిపోతోంది. రాత వంకరపోతే నన్నేం అనకు. పొద్దున ఆరింటికి మొదలైంది, భోజనం వేళకి కూడా ఆపలేదు. కునుకు గంగలో కలిసింది. ఇంత హాయిగా ఎప్పుడూ లేదు.

ఎలా జరిగిందో చెబుతాను. మే నెలలో నీ ఉత్తరం చదివిన మర్నాడు గదిలో అందరికీ చెప్పేశాను. తిట్లు తిన్నాను, నీ వాటా కూడా నేనే తిన్నాను. తిట్లయ్యాక జిగురు పూసే ఆవిడ లేచి, ఒక్కో కట్టలోంచి ఒక్కో జత మేడమీదికి పంపుదాం, మేడమీదావిడే కుడుతుంది, కాంట్రాక్టరుకి ఎవరు చెబుతారు అంది. బాగానే ఉంది కానీ ఆవిడ కుట్టు ఎక్కడున్నా తెలిసిపోతుందే. ఆ చిక్కు దగ్గరే ఆగిపోయాం.

అప్పుడు మేడమీదావిడే అంది, అయితే మీరూ ఎడమచేత్తో కుట్టండి అని.

నవ్వుకున్నాం ముందు. తర్వాత నేర్చుకున్నాం. నెల రోజులు, రోజూ సాయంత్రం, ఈ గదిలోనే. ఆవిడ ఒక్కొక్కరి వెనక నిలబడి వేళ్ళు పట్టుకుని నేర్పింది. నేనూ కూర్చున్నాను, ఈ వయసులో. నా బొటనవేలు జల్లెడైంది. మొదటి వారం కుట్టిన జతలు చూస్తే పిల్లి కరిచినట్టున్నాయి. ఇప్పుడు అరవై ఇళ్ళ నుంచీ కట్టకి రెండు మూడు జతలు ఎదురువైపు వాలిన కుట్టుతో వెళుతున్నాయి. వాటిలో ఏది ఆవిడదో కాంట్రాక్టరు కాదు కదా, నేనూ చెప్పలేను. పోయిన వారం అతను మళ్ళీ గోదాము బల్ల మీద అన్నీ పరిచాడట. ఎవరు ఎడమచేతివాటం అని అడిగితే, వరసలో నిలబడ్డవాళ్ళందరూ ఎడమచెయ్యి ఎత్తారు.

పని అవతలి దేశానికి మళ్ళిస్తానని బెదిరించాడు. అవతలి సంఘం వాళ్ళకి కబురు పంపాం. అక్కడా నేర్చుకుంటున్నారట. ఎవరు ఎవరికి నేర్పారో నీ పక్కన కూర్చున్న పెద్దావిణ్ణి అడుగు, చెబుతుంది.

నీ జులై ఉత్తరం పైకి తీసుకెళ్ళి చదివాను. నువ్వు చదివావని తెలిశాక నీ మీద నా కోపం కరిగిపోయిందమ్మా. ఆవిడ ఒక్కటే అడిగింది. ఎర్రగీత చెరిపేసింది నేనే అని నువ్వు చెప్పినప్పుడు ఆ హాలు ఎలా ఉంది, నీ పక్కనున్నవాళ్ళు ఏమన్నారు అని. నీ ఉత్తరంలో అది లేదు. వివరంగా రాయి.

పిన్ని


ఏడో అంతస్తు
ఆగస్టు 5

పిన్నీ,

హాలుకి ఏమీ తెలియలేదు. నేను ఆ మాట చెప్పలేదు.

కాగితంలో ఉంది. చివరి వాక్యంగా రాసుకున్నాను: ఆ ఎడమచేతి మాట తీసెయ్యమని చెప్పినా తీయనిది నేను. దానికి ముందు వాక్యం దాకా చదివాను. ఎర్ర లైటు వెలిగింది, మైకు ఆగిపోయింది. మూడు నిమిషాలు దాటితే దానంతటదే ఆగిపోతుంది. పక్కనున్న పెద్దావిడ నా వీపు మీద తట్టింది. కూర్చున్నాను.

ఇక్కడితో ఆపితే ఇది దురదృష్టం అవుతుంది. సమావేశానికి ముందు మూడు రోజులు నా గదిలో ఫోన్లో సమయం పెట్టుకుని ఆ కాగితం చదివాను. ప్రతిసారీ మూడు నిమిషాల ఇరవై సెకన్లు అయింది. ఏ వాక్యం దగ్గర మైకు ఆగిపోతుందో నాకు ముందే తెలుసు. ఇంకేదైనా తగ్గించవచ్చు. ఆ వాక్యం పైకి జరపవచ్చు. జరపలేదు. మైకు ఆగినప్పుడు నా గుండెలో బరువు దిగింది, అదీ చెబుతున్నాను.

తర్వాత నీకు ఉత్తరం రాస్తూ ఒక్క అబద్ధం లేకుండా చూసుకున్నాను. ఒక్క మాటా మార్చలేదు, కాగితం మొత్తం ఆవిడ చెప్పినట్టే ఉంది అని రాశాను. కాగితం సంగతే రాశాను, చదివిన సంగతి కాదు. ఇలాంటి రాతే కదా నా ఉద్యోగం.

డైరెక్టరు నా గురించి చాలా గొప్పగా చెప్పింది అందరి ముందు. ఎర్ర పెన్సిలావిడ ఒక్కతే నాతో మాట్లాడటం లేదు.

మీరందరూ వేళ్ళకి సూదులు గుచ్చుకుంటున్న నెలలోనే నేను ఇక్కడ సెకన్లు లెక్కపెట్టుకున్నాను. ఈ ఉత్తరం కూడా పైన చదివెయ్యి. ఈసారి నిన్ను అడగడం లేదు.

చిలకమ్మ


మేడ మీద
ఆగస్టు 22

అమ్మాయ్,

చేతిరాత మీ పిన్నిది, మాటలు నావి. ఒక్క మాట మార్చినా ఒప్పుకోనని ముందే చెప్పాను. ఆవిడ ఏడుస్తూ రాస్తోంది, కాగితం తడిస్తే అందుకే.

నీ ఉత్తరాలన్నీ విన్నాను. నాకు చేసినదాని గురించి ఇన్ని రాశావు, అన్నీ మీ పిన్నికే రాశావు. నాకొక్కటి రాయలేదు. నా మాట నీకు కావాలి గానీ నేను నీకు వినే మనిషిలా కనబడలేదు. ఇది కోపంగా అనడం లేదు. ఉన్నది చెబుతున్నాను.

మైకు ఆగిపోయిందన్నావు. మైకు ఆగితే గొంతు కూడా ఆగుతుందా? మాకు ఇక్కడ మైకే లేదు. ఈ గదిలో అరవైమంది ఉంటారు, వీధిలో బండ్లు పోతుంటాయి, ఎవరో ఒకరి పిల్ల ఏడుస్తూ ఉంటుంది. అయినా చెప్పాల్సినవాళ్ళు చెబుతారు, అందరికీ వినబడుతుంది.

నీ మీద నాకు ఏముందో నాకే సరిగ్గా తెలియదు. మెట్లు కడిగిన నాలుగు నెలలు నిన్ను రోజూ తలుచుకున్నాను, మంచిగా కాదు. కానీ నువ్వు చెడ్డదానివైతే ఈ ఆఖరి ఉత్తరం రాయవు, ఎవరికీ తెలిసేది కాదు కదా.

అక్టోబరులో మళ్ళీ ఉందట. నాకోసం అరవైమంది కుడిచెయ్యి పక్కన పెట్టి ఎడమచేత్తో కుట్టడం నేర్చుకున్నారు. అందులో మీ పిన్ని కూడా ఉంది, ఆవిడ బొటనవేలు ఇంకా మానలేదు. నువ్వు చివర ఉన్న ఒక్క మాట తెచ్చి మొదట పెట్టలేవా?

మేడమీద ఉండే మనిషి


ఏడో అంతస్తు
సెప్టెంబరు 10

మేడమీది అక్కకి,

నమస్కారాలు. మీకు రాయడం ఇదే మొదటిసారి. పది కాగితాలు చింపాక ఇది రాస్తున్నాను.

సోమవారం ఉదయం ఆఫీసులో అందరూ కూర్చునే సమావేశంలో లేచి నిలబడి చెప్పాను. ఇరవై మంది ఉన్నారు, మైకు లేదు. అందరికీ వినబడింది. డైరెక్టరు చివరిదాకా వింది. తర్వాత, ఇది హాల్లో చదివితే ఆఫీసు పేరు పోతుందని, ఆఫీసు తరఫున చదవడానికి ఒప్పుకోనని అంది. ఉద్యోగం సంగతి నెలాఖరుకి తేలుస్తారు.

కాబట్టి అక్టోబరులో నాకు చోటు లేదు. సరిహద్దు అవతలి సంఘం పెద్దావిడ వాళ్ళ మూడు నిమిషాలు మీకు ఇస్తామంది. ఆ మూడు నిమిషాలు మీవి, మీ సంఘానివి. ఎవరు చదవాలో మీరు తేల్చండి. నన్ను చదవమని మీరు కాగితం రాసిస్తే చదువుతాను. ఇంకెవరినైనా పంపితే వాళ్ళ వెనక కూర్చుంటాను. పిన్ని చేత సిఫార్సు చేయించను.

కొత్తగా రాసినది దీనితో పంపుతున్నాను. గట్టిగా చదివి చూశాను, రెండు నిమిషాల ముప్ఫై సెకన్లు. మొదటి వాక్యం ఇది: “ఫిబ్రవరిలో ఈ హాల్లో ఒక స్త్రీ మాటలు చదివాను, ఒక మాట వల్ల ఆమె జాడ తెలిసిపోతుందని నాకు చెప్పినా తలలు లేస్తాయని ఆ మాట తీయలేదు, ఆమె పని పోయింది నా వల్ల.”

కవరులో ఒక ఎర్ర పెన్సిలు కూడా ఉంది. సోమవారం సాయంత్రం ఎర్ర పెన్సిలావిడ నా బల్ల మీద పెట్టి వెళ్ళింది. అది నా దగ్గర ఉండాల్సింది కాదు. ఏ మాట మీకు ఇష్టం లేకపోతే ఆ మాట కొట్టెయ్యండి. మీ గురించి ఉన్నదంతా కొట్టేసినా సరే. మొదటి వాక్యం మాత్రం ఉండనివ్వండి.